రెండు డెక్కులు

మే నెలలో పడవను నీళ్లలోకి దింపాలి. అంతకు ముందు ఆదివారం త్యాగరాజు, భ్రమరాంబ బెల్ రివర్ బోట్‌యార్డుకు వెళ్లి, చలికాలమంతా కప్పి ఉంచిన నీలం టార్పాలిన్ విప్పారు. లోపల ఎండుటాకులు, చచ్చిన ఈగలు, ఏదో పిట్ట కట్టి వదిలేసిన గూడు. పడవ మాత్రం నిరుడు వదిలి వెళ్లినట్టే ఉంది.

దాని పేరు ‘నెమ్మది’. ఇరవై ఎనిమిది అడుగుల పాత తెరచాప పడవ. కెనడాలోని విండ్సర్‌లో, కార్ల ఫ్యాక్టరీ పెయింట్ షాపు ఇంజినీరుగా పనిచేసి రిటైరైన ఏడాదే త్యాగరాజు దాన్ని కొన్నాడు. అప్పటినుంచి ప్రతి వేసవీ భార్యాభర్తలిద్దరూ సెయింట్ క్లెయిర్ సరస్సు దాటి, హ్యూరాన్ సరస్సులోకి ఎక్కి, ఆగస్టు చివరిదాకా నీళ్లమీదే ఉండేవారు. దారిలో రేవుల వాళ్లు రేడియోలో ఆ పేరు పలకలేక ‘నో మడ్డీ’ అని పిలిచేవారు. ఈసారి ఇంకా పైకి, నార్త్ ఛానెల్ దీవులదాకా వెళ్లాలని ఆయన చలికాలమంతా భోజనాల బల్ల నిండా మ్యాపులు పరుచుకుని కూర్చున్నాడు. భ్రమరాంబ ఆ మ్యాపుల అంచునే కంచం పెట్టుకుని తింది.

ఆ రోజు ఆయన కింద కూర్చుని ప్రొపెల్లర్ తుడుస్తున్నాడు. ఆవిడ పైన ముందువైపు డెక్కు మీద మోకాళ్లూని బ్రష్‌తో రుద్దుతోంది. రుద్దుతుండగా కుడి మోకాలి కింద నేల కొద్దిగా దిగినట్టు అనిపించింది. బ్రష్ పక్కన పెట్టి, స్క్రూడ్రైవరు తిప్పి పట్టుకుని, పిడితో కొట్టి చూసింది. టక్, టక్. జానెడు జరిగి కొట్టింది. టక్. ఇంకొంచెం జరిగింది. దబ్.

భ్రమరాంబ విండ్సర్‌లో ముప్ఫై ఏళ్లు డెంటిస్టుగా చేసింది. ఆ చప్పుడు ఆవిడకు కొత్త కాదు.

"ఏమండీ, ఒకసారి పైకి రండి."

"ఏమైంది?"

"పన్ను పుచ్చింది."

త్యాగరాజు నిచ్చెనెక్కి వచ్చాడు. ఆవిడ చూపించిన చోట కాలితో రెండుసార్లు తొక్కాడు.

"గట్టిగానే ఉందిగా!"

"అందరూ అదే అంటారు. నొప్పేం లేదు డాక్టరుగారూ, నమలగలుగుతున్నా అని."

ఆవిడ సుద్దముక్క తీసుకుని, కొట్టుకుంటూ పోయి, దబ్‌మన్నంత మేరా గీత గీసింది. గీత మొదలైన చోటికి వచ్చి కలిసేసరికి పేకాడుకోవడానికి పరిచే చాపంత అయింది. త్యాగరాజు ఇంకా నమ్మలేదు. డ్రిల్లు తెచ్చి తనే మధ్యలో చిన్న రంధ్రం పెట్టాడు. బిట్ వెనక్కి లాగగానే కాఫీ డికాక్షన్‌లాంటి నీళ్లు ఊరాయి. మురిగిన చెక్క వాసన వేసింది.

ఆ పడవల డెక్కు పైనా కిందా పలచని ఫైబర్‌గ్లాస్ పొరలు, మధ్యలో తేలికపాటి చెక్క. లంగరు తాడు కట్టే కొక్కెం బోల్టుల దగ్గర సీలు పాడై, నీళ్లు ఏళ్ల తరబడి చుక్కచుక్కగా దిగి ఆ చెక్కను కుళ్లబెట్టాయి. యార్డు మేనేజరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇలా వెళితే పెద్ద గాలికి లంగరు కొక్కెం ఊడి చేతికొస్తుందన్నాడు. తన మనుషులకు ఆకురాలే కాలందాకా ఖాళీ లేదన్నాడు.

ఇంటికి రాగానే త్యాగరాజు మ్యాపులన్నీ చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, అలమరలో పడేశాడు. కాస్త గాలి పీల్చుకుందామని పెరటి తలుపు తీసి ఇంటి వెనక చెక్కబల్లలతో కట్టిన డెక్కు మీదికి వెళ్లాడు. రెండడుగులు వేశాడో లేదో, ఫెళ్లుమంది. భ్రమరాంబ పరుగెత్తి వెళ్లేసరికి ఆయన ఎడమకాలు పిక్కదాకా బల్లల సందులో ఉంది. ముఖం మీద నొప్పి లేదు. పరమాశ్చర్యం ఉంది.

"దెబ్బ తగిలిందా?"

"లేదు."

"నిజంగా?"

"లేదే! కాలు లాగు ముందు."

ఆవిడ కాలు లాగబోయి, ఆగి, గుమ్మంలో కూలబడి నవ్వడం మొదలెట్టింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఈ ఏడు మనకి డెక్కుల దశ నడుస్తోందండీ" అంది చివరికి, పైటతో కళ్లు తుడుచుకుంటూ. ఆయనకీ నవ్వొచ్చింది గాని, కాలు బయటికి వచ్చాకే నవ్వాడు.

సాయంత్రం టీ తాగుతూ ఆవిడే అంది. "పడవని ఇంటికి తెప్పిద్దాం. ఎలాగూ ఈ వేసవి ప్రయాణం లేదు. అది నేను చూస్తా. ఇది మీరు చూడండి."

"నువ్వా? ఫైబర్‌గ్లాసా?"

"ఏం? పుచ్చింది తవ్వెయ్యాలి, ఆరబెట్టాలి, నింపాలి, పైన క్యాపు వెయ్యాలి. ముప్ఫై ఏళ్లు నేను చేసిన పని ఇంకేంటి?"

వాళ్లిల్లు ఊరికి కాస్త ఎడంగా, పొలాల మధ్య రోడ్డు మీద ఉంది. పక్కన బోలెడు జాగా. వారం తిరక్కుండా లారీ వాళ్లు ‘నెమ్మది’ని తెచ్చి వంటింటి కిటికీ ఎదురుగా స్టాండ్ల మీద నిలబెట్టి పోయారు. గిన్నెలు కడుగుతూ తలెత్తితే పడవ ముక్కు కనిపించేది.

జూన్ అంతా ఇంట్లో దుమ్మే. భ్రమరాంబ క్లినిక్‌లో వాడిన భూతద్దాల కళ్లజోడు అటకమీంచి దింపి పెట్టుకుంది. మాస్కు సరేసరి. చిన్న రంపంతో సుద్దగీత వెంబడి పైపొరను ఒకే పలకగా కోసి తీసింది. లోపలి చెక్క తడిసిన అటుకుల్లా ఉంది. దాన్ని ఉలితో గీరుతూ, పక్కన నిలబడ్డ త్యాగరాజు వైపు చూడకుండానే చెయ్యి చాపి "సక్షన్" అనేది. మొదటిసారి ఆయనకు అర్థం కాలేదు.

"ఏంటి?"

"వాక్యూమ్ అండీ! ఇన్నేళ్ల అలవాటు."

తర్వాత్తర్వాత ఆయనే "సక్షన్ కావాలా డాక్టరుగారూ?" అని అడిగేవాడు.

కుళ్లంతా పోయాక ఆ గుంటను ఆరబెట్టాలి. దానికి తొందరపడితే మళ్లీ మొదటికొస్తుంది. ఆవిడ టార్పాలిన్ పందిరి కింద రెండు ఫ్యాన్లు పెట్టి, రోజూ పొద్దున్నే నిచ్చెనెక్కి, గుంటలోకి వంగి బుగ్గ ఆనించి చూసేది. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు.

త్యాగరాజు అదంతా చూస్తూ పెరట్లో తన డెక్కు పీకేవాడు. పని చేస్తున్నాడు గాని మనసు కుదరలేదు. ఆరేళ్లు తను ఆ కుళ్లు మీద నడిచాడు. తుఫాను గాలుల్లో దాని మీదే నిలబడి తెరచాపలు దించాడు. తెలుసుకోలేకపోయాడు. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇక చాలేమో అనిపించింది. పైగా భ్రమరాంబ పడవ మీద ఎప్పుడూ ముందువైపే కూర్చునేది. గంటలకు గంటలు ఒక్క మాట మాట్లాడేది కాదు. తన సరదా కోసం ఆవిడ ఇన్నేళ్లూ ఓర్చుకుంటోందని ఆయనకు లోపల ఎప్పటినుంచో అనుమానం.

ఒక మధ్యాహ్నం మిస్సిసాగాలో ఉన్న స్నేహితుడు వెంకటసుబ్బయ్యకు ఫోన్ చేశాడు.

"ఒరే, మా డెక్కు రిపేరు అయ్యాక అమ్మేద్దామనుకుంటున్నా."

"డెక్కు ఒక్కటే ఎవడు కొంటాడ్రా? ఇల్లు కూడా అమ్ముతున్నావా?"

"ఇంటి డెక్కు కాదురా బాబూ, పడవ!"

వెంకటసుబ్బయ్య అడిగి చూస్తానన్నాడు. ఆ సంగతి భ్రమరాంబకు చెప్పాలనే త్యాగరాజు అనుకున్నాడు. కాని ఆవిడ గుంటలో బుగ్గ ఆనించి, లేచి, "ఇవాళ ఆరింది!" అని చంటిపిల్లకు జ్వరం తగ్గినట్టు చెబుతుంటే, ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు.

జూలైలో ఒక శనివారం నింపడానికి ముహూర్తం పెట్టుకున్నారు. కొత్త చెక్కను ఎపాక్సీలో కూర్చోబెట్టి, పైపలకను మళ్లీ అతికించాలి. ఆ జిగురు కలిపాక కాసేపే మెత్తగా ఉంటుంది. ఆలస్యమైతే డబ్బాలోనే కుతకుత ఉడికి రాయైపోతుంది. కలిపే పని త్యాగరాజుది. పెయింట్ షాపులో ఆయన జీవితమంతా ఇలాంటి వాటితోనే గడిచింది. ఉదయం ఆకాశం నిర్మలంగా ఉంది. మొదటి డబ్బా కలిపి ఆవిడకు అందించాడు. రెండోది కలుపుతుండగా డెట్రాయిట్ వైపునుంచి నల్లమబ్బు లేచింది. అదే సమయానికి ఒక తెల్లకారు వచ్చి వాకిట్లో ఆగింది.

దిగినవాళ్లు ఇద్దరూ ముప్ఫై దాటని వాళ్లు. అబ్బాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమ్మాయి మాత్రం కారు తలుపైనా వెయ్యకుండా పడవకేసి నోరు తెరుచుకుని చూస్తోంది.

"నమస్తే అంకుల్. నేను కిరీటి. మిస్సిసాగా నుంచి వచ్చినం. ఈమె మా వైఫ్, ధరణి. వెంకటసుబ్బయ్య అంకుల్ మీ అడ్రస్ ఇచ్చిండ్రు. ఫోన్ చేస్తే మీరు ఎత్తలే..."

త్యాగరాజు తలెత్తి పైన ఉన్న భ్రమరాంబ వైపు చూశాడు. ఫోను వంటింట్లో ఉంది. చేతిలో డబ్బా వెచ్చబడుతోంది.

"అది... మీరు కొంచెం తర్వాత..."

"ఎవరండీ అక్కడ?" పైనుంచి భ్రమరాంబ కేక వేసింది. "రెండో డబ్బా ఏది? వాన వచ్చేస్తోంది! ఎవరో గాని చేతులు ఖాళీగా ఉన్నాయా? ఉంటే పైకి రమ్మనండి!"

కిరీటి త్యాగరాజు వైపు చూశాడు. ధరణి ఎవరి వైపూ చూడలేదు. అప్పటికే సగం నిచ్చెన ఎక్కేసింది.

"గ్లోవ్స్ వేసుకో అమ్మా. ఆ పెట్టెలో ఉన్నాయి. నీ పేరేంటి?"

"ధరణి ఆంటీ."

"ధరణీ, ఈ మూల నొక్కి పట్టు. చెక్క పైకి తేలకూడదు. బుడగలు కనిపిస్తే చెప్పు."

"ఇక్కడ ఒకటి లేస్తా ఉంది ఆంటీ!"

"వేలితో బయటికి తోసెయ్. అలాగే. బంగారు తల్లివి!"

కింద త్యాగరాజు డబ్బా అందించాడు. ఆవిడ పూసింది. పైపలక తెచ్చి గుంట మీద దించారు. ఇప్పుడు దాని మీద బరువు పెట్టాలి. అందుకని బేస్‌మెంట్‌లోంచి తెచ్చుకోవాలనుకున్న బియ్యం బస్తాలు బేస్‌మెంట్‌లోనే ఉన్నాయి.

"కిరీటీ!" అని అరిచాడు త్యాగరాజు. సిగ్గూ, తప్పు చేశానన్న బెరుకూ అన్నీ మరిచిపోయాడు. "మెట్లు దిగి కుడిపక్క. సోనా మసూరి. ఎన్నుంటే అన్నీ పట్టుకురా!"

కిరీటి పరుగెత్తాడు. భుజాన ఒకటి, చంకలో ఒకటి వేసుకుని వచ్చాడు. నిచ్చెన కింద మెట్టు మీద నిలబడి కళ్లు మూసుకున్నాడు.

"ఏమైంది బాబూ?"

"నాకు ఎత్తంటే భయం అంకుల్."

"ఆరడుగులేగా!"

"అందుకే కళ్లు మూసుకున్న."

అలాగే కళ్లు మూసుకునే ఎక్కాడు. బస్తాలు అందించాడు. దిగాడు, మళ్లీ తెచ్చాడు. చివరి బస్తా పెట్టి ప్లాస్టిక్ కప్పి, టార్పాలిన్ తాళ్లు బిగిస్తుండగా మొదటి చినుకులు టపటపా పడ్డాయి. నలుగురూ పడవ కడుపు కిందికి దూరారు. చుట్టూ వాన ధారలు కట్టింది. కిరీటి ప్యాంటు ఒక కాలు నిండా ఎపాక్సీ. ధరణి జుట్టులో ఇంత. భ్రమరాంబ ఒక్కొక్కరి ముఖం చూసింది. ఫక్కున నవ్వింది. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో ఎవరూ అడగలేదు.

"ఇంతకీ మీరెవరు?" అంది ఆవిడ.

"భోజనం చేద్దాం పదండి" అన్నాడు త్యాగరాజు గబగబా.

వాన వెలిశాక పెరట్లో భోజనాలు పెట్టారు. కొత్త డెక్కుకు అప్పటికి సగమే బల్లలు పరిచాడు త్యాగరాజు. ఆ సగంలోనే గుండ్రంగా కూర్చున్నారు. పులిహోర, దోసకాయ పచ్చడి, పెరుగన్నం. ప్యాంటు పనికిరాకుండా పోవడంతో కిరీటి, త్యాగరాజు ఇచ్చిన లుంగీ కట్టుకున్నాడు. అది జారకుండా ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో తింటున్నాడు.

"ఆంటీ, ఒకటి అడగనా?" అంది ధరణి. "ఇంత కష్టపడి బాగు చేసుకుంటా ఉన్నారు గదా, అమ్మేయాలంటే మీకు బాధగా లేదా?"

భ్రమరాంబ చేతిలో గరిటె ఆగింది.

"అమ్మెయ్యడమా? ఏది?"

కిరీటి తల దించుకుని పులిహోరలో పల్లీలు ఏరడం మొదలుపెట్టాడు. ధరణి భర్త వైపు, తర్వాత త్యాగరాజు వైపు చూసింది. ఆయన మంచినీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు.

"నేనే సుబ్బయ్యకి చెప్పాను" అన్నాడు. "నీతో చెబుదామనే... కుదర్లేదు."

"రోజూ పక్కనే నిలబడి సక్షన్ పట్టారు. కుదర్లేదా?"

"నీకోసమే భ్రమరా. నాతోపాటు ఇన్నేళ్లూ ఓర్చుకున్నావు. ముందుకెళ్లి కూర్చుని ఒక్క మాటా మాట్లాడవు. విసుగొచ్చి, చెప్పలేక ఊరుకున్నావనుకున్నా."

భ్రమరాంబ గరిటె గిన్నెలో పెట్టింది.

"ముప్ఫై ఏళ్లు నేను మాట్లాడుతూనే ఉన్నానండీ. భయపడకండి, అయిపోయింది, ఇంకొంచెం నోరు తెరవండి. పొద్దున్నించి సాయంత్రందాకా. అవతలివాళ్లు జవాబు చెప్పలేరు, నోట్లో నా చేతులుంటాయి. అన్ని మాటలూ నేనే మాట్లాడాలి. ఆ పడవ ముందు కూర్చుంటే ఎవరికీ ధైర్యం చెప్పక్కర్లేదు. ఏమీ అనక్కర్లేదు. చలికాలమంతా నేను దానికోసమే ఎదురుచూస్తా."

త్యాగరాజు ఆవిడనే చూస్తున్నాడు. "ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరు అడిగారా?"

"అడగలేదు" అన్నాడాయన. ఆ తర్వాత, పిల్లల ముందు అనొచ్చో అనకూడదో అని కాస్త తటపటాయించి, అన్నాడు. "నువ్వు ఒక్క దెబ్బకి కనిపెట్టేశావు. నేను ఆరేళ్లు దాని మీదే తిరిగాను. తెలియలేదు. ఇంకా ఏమేం తెలియట్లేదో అని భయమేసింది."

"తన పన్ను పుచ్చితే మనిషికి తెలియదు. నాకూ తెలియదు. నా పళ్లు నేను చూసుకున్నానా ఎప్పుడైనా? వేరే ఎవరో చూడాలి." ఆవిడ గరిటె మళ్లీ తీసుకుంది. "ఇంకాస్త పెరుగన్నం వేసుకోండి."

ఆయన కంచం చాపాడు. ఆవిడ రెండుసార్లు వేసింది.

"అయితే అమ్మరన్నమాట" అన్నాడు కిరీటి. మాటలో దాచుకోలేనంత సంతోషం. ధరణి అతని వైపు కళ్లెర్రజేసింది.

"ఎందుకంత ఆనందం? నువ్వే కదా సరే అన్నది!"

"సరే అన్న. దారి పొడుగునా, ఫోర్ నాట్ వన్ హైవే మీద మొత్తం, బేరం కుదరొద్దని దేవుడికి మొక్కుకుంటనే వచ్చిన."

అప్పుడు త్యాగరాజు నవ్వాడు. భ్రమరాంబ ధరణి జుట్టులో గట్టిపడ్డ ఎపాక్సీని చూసి, లోపలికి వెళ్లి కత్తెర తెచ్చింది. "పడవ ఇవ్వలేనమ్మా. ఎక్కించుకుంటాను. నీకు రావాలనిపించినప్పుడల్లా రా."

వాళ్లు నిజంగానే వచ్చారు. వారం విడిచి వారం, శనివారం పొద్దున్నే బయల్దేరి వచ్చేవారు. ధరణి భ్రమరాంబ దగ్గర ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరవడం, సాండింగ్ చేయడం నేర్చుకుంది. కిరీటి నేలమీద ఉండే పనే కావాలని పట్టుబట్టి, త్యాగరాజు పక్కన చేరి ఇంటి డెక్కు బల్లలకు స్క్రూలు బిగించాడు. మొదటి వరసలో బల్లలు వంకరగా వచ్చాయి. రెండో వరసలో కొంచెం నయం. ఆఖరి వరసకు వచ్చేసరికి త్యాగరాజు కుర్చీ వేసుకుని కూర్చుని చూడటం తప్ప ఏమీ చేయాల్సి రాలేదు. పడవకు రంగు వేసే రోజున మాత్రం ఆయన ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. గాలి చూసుకున్నాడు, ఎండ చూసుకున్నాడు, ఒక్క ఈగ వాలకుండా చుట్టూ గడ్డి తడిపించాడు. రంగు ఆరాక భ్రమరాంబ వేళ్ల చివర్లతో తడిమి, అతుకు ఎక్కడుందో వెతికింది. దొరకలేదు.

"మీ పెయింట్ షాపు వాళ్లు అదృష్టవంతులు" అంది. ఆ మాటకు ఆయన ఆ సాయంత్రం మొత్తం ఈల వేస్తూ తిరిగాడు.

ఆగస్టు చివర ‘నెమ్మది’ నీళ్లలోకి దిగింది. నార్త్ ఛానెల్‌కు వెళ్లే కాలం దాటిపోయింది. దాని గురించి ఇద్దరూ పెద్దగా అనుకోలేదు. సెప్టెంబరులో డెట్రాయిట్ నది వెంట కిందికి జారి, ఈరీ సరస్సులోకి దిగి, పీలీ దీవికి బయల్దేరారు. అంబాసిడర్ వంతెన కింద దాటుతుంటే పైన లారీలు బారులు తీరి ఉన్నాయి. నది దాటి సరస్సులోకి రాగానే గాలి పెరిగింది. ఒక పెద్ద అల ముక్కు మీదుగా లేచి డెక్కంతా కడిగేసింది. ముందు కూర్చున్న భ్రమరాంబ నిలువునా తడిసింది. త్యాగరాజు వెనకనుంచి కంగారుగా, "లోపలికి రా!" అని కేకేశాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం పైకెత్తి ఊపింది. ఆయన మళ్లీ పిలవలేదు. చుక్కాని పట్టుకుని, ఆవిడ వీపును చూస్తూ, హాయిగా కూర్చున్నాడు.

దీవిలో ద్రాక్షతోటలు పండి ఉన్నాయి. రేవుదాకా తియ్యటి వాసన. మర్నాడు పొద్దున వాళ్లు పడవలో ఉప్మా తింటుండగా భ్రమరాంబ ఫోను మోగింది. ధరణి.

"ఆంటీ! మేమూ ఒకటి కొనేశాం. చిన్నదే, పన్నెండు అడుగులు. తెరచాప చిరిగి ఉంది, అడుగున పగుళ్లు. అన్నీ నేనే బాగుచేసుకుంటా."

"అబ్బో! కిరీటి ఒప్పుకున్నాడా?"

"చిన్నది గదా, ఒడ్డు పక్కనే తిప్పుకోవచ్చు, మునిగినా నిలబడొచ్చు అన్నాడు."

"ఎక్కడ పెట్టారు మరి? మీ టౌన్‌హౌస్‌లో జాగా ఏది?"

"లివింగ్ రూమ్‌లో ఆంటీ. బయట పెట్టనివ్వరు. గ్యారేజీలో చలి. ఎపాక్సీకి వెచ్చగా ఉండాలని మీరే గదా చెప్పింది?"

భ్రమరాంబ ఫోను స్పీకర్‌లో పెట్టింది. త్యాగరాజు చెంచా పక్కన పెట్టి దగ్గరికి జరిగాడు.

"ధరణీ, తలుపులోంచి ఎలా పట్టిందమ్మా అది?"

"పట్టలేదంకుల్. ముందు కిటికీ తీసేసినాం."

"ఫ్రేముతో సహానా?"

"ఫ్రేముతో సహా."

వెనకనుంచి కిరీటి గొంతు వినిపించింది. "అంకుల్, ఇక్కడ వాన స్టార్ట్ అయింది. కిటికీ తీసుడు ఈజీగానే వచ్చింది. మళ్ల పెట్టుడే వస్తలేదు. అందుకే ఫోన్ చేసినం."

త్యాగరాజు అప్పటికే లేచి, గోడకు వేలాడుతున్న చొక్కా అందుకున్నాడు. "ముందు కిటికీ తీసిన చోట టార్పాలిన్ కొట్టు బాబూ. ఏదీ కదిలించకు. ఎల్లుండికల్లా వస్తున్నాం."

"లంగరు తియ్యనా?" అంది భ్రమరాంబ.

"ఉప్మా తినెయ్యి ముందు" అన్నాడు త్యాగరాజు. ఒక బొత్తాం ఎగుడుదిగుడుగా పెట్టుకుని, నవ్వుకుంటూ పైకెక్కాడు.